మూత మీద ఎర్రగీత

ఆ రోజు నేను మందులమ్మతో అబద్ధం ఆడాను. మా పాపకు కావలసిన జలుబు సిరప్‌ను బామ్మర్ది కొడుకు కోసమని చెప్పి తీసుకున్నాను. వాడికి ఆరేళ్లు నిండాయని, ఇరవై కిలోలుంటాడని తడుముకోకుండా చెప్పాను. మా పాపకు అప్పటికి ఇరవై నెలలు. నాకు బామ్మర్ది లేడు.

పోయిన నెల డ్యూటీకి పోతుంటే నాచారంలో ఆమె షాపు షట్టరుకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి కనబడింది. బండి ఆపి చదివాను. ఆమె అసలు పేరు నాకు తెలిసింది అక్కడే. ఆ పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఫ్యాక్టరీల సందులో ఆమె మాకెవరికీ ఆ పేరుతో తెలియదు, అందరం మందులమ్మ అనే పిలిచాం. ఫొటోలో కళ్లద్దాలు లేవు. అవి లేని ఆ ముఖం ఎవరో పరాయి మనిషిదిలా ఉంది. అయినా ఆ చూపు నన్ను పట్టుకుంది. మూడేళ్లయినా అది నన్ను వదల్లేదు.

ఆమెకు అరవై దాటి ఉంటాయి. కాప్రా నుంచి బస్సులో వచ్చి పొద్దున ఎనిమిదింటికల్లా షట్టరు ఎత్తేది. నల్లదారం కట్టిన కళ్లద్దాలు మెడలో వేలాడేవి. సీసా చేతికి రాగానే అవి ముక్కు మీదికి ఎక్కేవి. వాసన చూస్తున్నట్టు సీసాను ముఖానికి ఆనించుకుని, చీమల్లాంటి ఆ అక్షరాలన్నీ పెదాలు కదుపుతూ చదివేది. రోజూ అమ్మే మందునే ప్రతిసారీ కొత్తగా చదివేది. వెనక నలుగురు నిలబడి ఉన్నా తొందరపడేది కాదు.

"ఎన్నిసార్లు సదువుతవమ్మా, గదే మందు గద" అని ఎవరన్నా విసుక్కుంటే, "పేరు గదే. లోపల ఏమన్న మార్చిండ్రా అని సూస్తున్న. నాకు జెప్పి మారుస్తరా?" అనేది.

పిల్లల వయసు ఏళ్లలో చెబితే ఒప్పుకునేది కాదు. "రెండేండ్లు" అంటే "నెలల్ల జెప్పు" అనేది. ఆ తర్వాత బరువు. తెలియదంటే మూలనున్న తూకం మీద ముందు తల్లిని ఒక్కదాన్నీ, తర్వాత పిల్లను ఎత్తుకున్న తల్లినీ నిలబెట్టి, తీసివేత లెక్క ఆ తల్లితోనే చేయించేది. ఇంట్లో చెంచాతో పోస్తామంటే, "ఏ చెంచా? పో, పట్టుకరా" అని వెనక్కి పంపేది. తెచ్చిన చెంచాలో నీళ్లు పోసి, ఆ నీళ్లను సిరంజిలోకి లాగి చూపించేది. ఒకరి చెంచాలో పట్టినంత మరొకరి చెంచాలో పట్టేది కాదు. "సూసినవా, మీ అత్త ఇంట్ల చెంచా వేరు, నీ ఇంట్ల చెంచా వేరు. సీసాకేం తెలుస్తది ఇది?" అని నవ్వకుండా చెప్పేది.

కౌంటరు మీద పెన్నులు పెట్టుకునే డబ్బాలో ఎర్రటి నెయిల్ పాలిష్ సీసా ఒకటి ఉండేది. పిల్లల సిరప్ ఏది అమ్మినా, సీసా మీద మూతలా బోర్లించి ఉండే కొలత కప్పును తీసి, ఆ పిల్లకు ఎంత పోయాలో సరిగ్గా అక్కడ సన్నటి ఎర్రగీత గీసేది. నోటితో ఊది ఆరబెట్టి ఇచ్చేది. ఆమె గోళ్లకు మాత్రం ఎప్పుడూ ఏ రంగూ లేదు. ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేసే ఆడవాళ్లు ఆటపట్టించేవారు.

"అమ్మా, నీ గోర్లకెప్పుడు ఏసుకుంటవ్ రంగు?"

"నా గోర్లు మీ పిల్లలు తాగుతరా? కప్పుకేస్తే సాలు."

చదువు రానివాళ్లకు కూడా ఆ గీత అర్థమయ్యేది. "గీత దాక పోసిన" అంటే ఇక మా సందులో ఎవరూ రెండో మాట అడిగేవారు కాదు. ఆ నమ్మకం ఎంత గట్టిదో, దాన్ని నేను ఎలా వాడుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

షాపు ముందు ఒక సిమెంటు బెంచీ ఉంది. దానికి ఒకవైపు నా భార్య పనిచేసే ప్యాకింగ్ యూనిట్, మరోవైపు నేను పనిచేసే రబ్బరు వాషర్ల ఫ్యాక్టరీ. ఆమెది మొదటి షిఫ్టు, నాది రెండోది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అక్కడ షిఫ్టు వదిలితే రెండింటికి ఇక్కడ మొదలవుతుంది. మాలాంటి జంటలు ఆ సందులో చాలానే ఉన్నాయి. ఆ అరగంటలో ఆ బెంచీ దగ్గర పిల్లలు చేతులు మారతారు. పొద్దంతా చూసుకున్నవాళ్లు పిల్లను అప్పగించి గేటు వైపు పోతారు, అందుకున్నవాళ్లు ఇంటికి పోతారు.

మందులమ్మ ఆ సమయానికి కౌంటరు వదిలి గడప దగ్గరకు వచ్చి నిలబడేది. ప్రతి జంటనూ మూడు ప్రశ్నలు అడిగేది. ఏం తిన్నది? ఎన్నిసార్లు ఒంటికి పోయింది? ఏం మందేసినవ్, ఎన్నింటికి?

ఒకసారి నేను పాపను ఇచ్చి పరుగు తీయబోతుంటే అడ్డం నిలబడింది. "ఏమయ్యా, మీ ఫ్యాక్టరీల షిఫ్టు మారేటప్పుడు ఏం జేస్తరు?"

"రిజిస్టరుల రాసి సంతకం పెడ్తమమ్మా. ఏ మిషను ఎంత వేడి మీదుంది, ఏది ఆగింది, అన్ని."

"మిషనుకైతే రాసిస్తవ్. పిల్లనైతే సంచి ఇచ్చినట్టు ఇచ్చి పోతవా?"

బెంచీ మీదున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి మూడు ప్రశ్నలకూ ఉన్నదున్నట్టు జవాబు చెప్పాకే గేటు వైపు నడిచేవాణ్ని. ఆ ఒక్క రోజు తప్ప.

అప్పటికి పాపకు నాలుగు రోజులుగా జలుబు, దగ్గు. రెండో షిఫ్టు చేసి వచ్చిన నేను పొద్దున ఐదింటికి, భార్య బయల్దేరే వేళకు లేవాలి. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా పాప నాతోనే. ఎత్తుకుంటే నా మెడ మీద దగ్గేది, పడుకోబెడితే లేచి ఏడ్చేది. నాకు కావలసింది రెండు గంటల నిద్ర. పోయి సిరప్ అడిగాను.

"నెలలు?"

"ఇరవై."

"ఇయ్య."

"గదేందమ్మా, అందరికి ఇస్తున్నవ్ గద."

"నాలుగేండ్లు నిండనోళ్లకు జలుబు సిరప్ నేనియ్య. జరముందా? ఊపిరి ఎగపోస్తుందా? పాలు తాగుతుందా?"

జ్వరం లేదు, బాగానే తాగుతోంది అన్నాను.

"అయితే గిదిగో, ముక్కుల ఉప్పునీళ్ల చుక్కలెయ్యి. గోరువెచ్చటి నీళ్లు తాపు. ఏడాది దాటింది గాబట్టి పండుకునే ముందు జర తేనె నాకియ్యి. ఎగపోసినా, పాలు మానినా నా తాన నిలవడకు, సీదా దవాఖానకు నడువు."

"దగ్గుతనే ఉంది. నాకు కన్ను మూతవడ్తలేదమ్మా."

కళ్లద్దాల పైనుంచి చూసింది. "దగ్గు పిల్లది. నిద్ర నీది. మందెవరికి కావాలె, జెప్పు?"

బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆమె అన్నది నిజం. నిజం కాబట్టే నాకు కోపం వచ్చింది.

మర్నాడు టీ విరామంలో పోయి లేని బామ్మర్ది కొడుకు కథ చెప్పాను. "బాబును తోలుకరాకపోతివి?" అంది. ఊరి నుంచి వచ్చి అలిసిపోయి పడుకున్నాడన్నాను. నమ్మింది. నోటుబుక్కులో రాసుకుంది. సీసా మీద "6 ఏండ్ల బాబు" అని కాగితం అంటించి, కప్పు మీద ఐదు ఎం.ఎల్. దగ్గర ఎర్రగీత గీసి, ఊది ఇచ్చింది. గేటు దాకా రాకముందే ఆ కాగితాన్ని గోటితో గీకేశాను. ఇంటికి పోయాక భార్య అడిగింది, "నిన్న ఇయ్యనన్నదంటివి గద?" అని. "మళ్ల అడిగితే ఇచ్చింది" అన్నాను. గీత చూసి ఆమె ఇంకేమీ అడగలేదు.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి పాపకు ఆ సిరప్ వేశాను. గీత ఆరేళ్ల పిల్లవాడిదని నాకు తెలుసు. చిన్నపిల్లకు సగం చాలనుకుని వంటింటి చెంచాతో సగం పోశాను. ఆ సగం ఎంతో నాకు తెలియదు. పాప పడుకుంది, నేనూ పడుకున్నాను. పన్నెండున్నరకు లేచి మళ్లీ దగ్గింది. బెంచీ దగ్గర మందులమ్మ ముందు దగ్గితే ఏం ప్రశ్నలు వస్తాయో అని భయపడి ఇంకో సగం వేశాను. ఆ రెండోసారి వేసింది పాప కోసం కాదు, నా కోసం కూడా కాదు, నా అబద్ధం కోసం.

బెంచీ దగ్గరకు వచ్చేసరికి పాప నా భుజం మీద నిద్రపోతోంది. మందులమ్మ గడపలో నిలబడి ఉంది. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాను. మూడోది అడిగింది.

"ఏం మందేసినవ్?"

"ముక్కుల చుక్కలేనమ్మా."

నా భార్య అక్కడే ఉంది. విన్నది. "గట్లనే, మంచిది" అని మందులమ్మ పాప వీపు నిమిరింది. నేను గేటు లోపలికి పోయాను.

నాలుగింటికి సెక్యూరిటీ మనిషి మిషను దగ్గరకు వచ్చి, "అన్నా, మీ ఇంటామె మందుల షాపు కాడుందంట. పాపకు బాగలేదంట" అన్నాడు. ఏం జరిగిందో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఇంటికి పోయాక పాప లేచి దగ్గి ఉంటుంది. సిరప్ ఇంకా వేయలేదనుకుని వాళ్లమ్మ పోసి ఉంటుంది. చెంచాతో కాదు, కప్పుతో. గీత దాకా.

పరుగెత్తాను. పాప ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. తల తల్లి మోచేతి మీంచి వాలిపోతోంది. పేరు పెట్టి పిలిస్తే కళ్లు సగం తెరిచి నన్ను కాక నా పక్కన ఎవరినో చూసింది. గాలిలో ఏదో పట్టుకోవడానికి చెయ్యి చాపింది. అక్కడ ఏమీ లేదు.

"మీరిచ్చిన మందేనమ్మా" అని నా భార్య ఏడుస్తోంది. "గీత దాకనే పోసిన. దాటనియ్యలే."

మందులమ్మ కౌంటరు మీద నోటుబుక్కు తెరిచి పేజీలు వెనక్కి తిప్పుతోంది. అందులో పిల్లల వయసులే ఉంటాయి, కొన్నవాళ్ల పేర్లుండవు. "ఇరవై నెలల పిల్లకు నేనిచ్చిన్నా? నేనే ఇచ్చిన్నా?" అని తనలో తాను అనుకుంటోంది. కప్పు తీసి వెలుతురులో పట్టుకుని చూసింది. "గీత నాదే" అంది.

బెంచీ దగ్గరున్న ఒకామె, "ఉప్పునీళ్లు తాపి కక్కియ్యుండ్రి" అంది.

"ఒద్దు. ఏం తాపొద్దు, కక్కియ్యొద్దు. ఆటో పిలువుండ్రి. సీసా, కప్పు రెండు పట్టుకోండ్రి." నోటుబుక్కు చంకన పెట్టుకుని షట్టరు దించింది కానీ తాళం వేయలేదు. మాతోపాటు ఆటో ఎక్కింది.

నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. నాచారం నుంచి హబ్సిగూడ దాకా వచ్చి, మెట్రో కింద ఉప్పల్ వైపు తిరిగాం. వెనక ఆమె పాప గుండె మీద చెయ్యి పెట్టి గడియారం చూస్తూ లెక్కపెడుతోంది. మధ్యలో నా భార్యతో, "నాదే తప్పు బిడ్డా. ముసలిదాన్నైన, ఏడనో పొరపాటు జేసిన" అంది. నేను విన్నాను. 'నేనే ఏసిన' అంటే సరిపోయేది. ఆ రెండు మాటలు అనకుండా మెట్రో స్తంభాల మీది అంకెలు చదువుతూ కూర్చున్నాను. పాపకు ఏమవుతుందోనన్న భయం ఒకటి, నా సంగతి బయటపడుతుందన్న భయం ఒకటి. అప్పుడు నాలో ఆ రెండూ సమానంగా ఉన్నాయి. ఇంతకంటే సిగ్గుపడవలసిన మాట నా గురించి నాకు తెలియదు.

పిల్లల దవాఖానలో డాక్టరు కుర్రవాడు. సీసా చదివాడు. "ఎంత పోశారు? ఎన్నిసార్లు?"

"ఐదు ఎం.ఎల్., సారూ. ఒక్కసారే" అంది నా భార్య.

డాక్టరు పాప కళ్లలోకి లైటు వేసి చూశాడు. "ఒక్కసారికి ఇంత మత్తు రాకూడదే" అని నర్సు వైపు తిరిగాడు. ఇది మందు వల్ల కాకపోవచ్చు, మెదడుకు సంబంధించిందేమో, తలకు స్కాన్ తీయాలి, వెన్నులోంచి నీరు తీసి చూడాలి అంటున్నాడు. నర్సు కాగితాలు తెచ్చి సంతకం కోసం నా ముందు పెట్టింది. పాపను బోర్లా తిప్పుతున్నారు. వాళ్లు లేని జబ్బును వెతకబోతున్నారని అక్కడ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

"మూడుసార్లు సారూ" అన్నాను. "పొద్దున తొమ్మిదింటికి ఒకసారి, పన్నెండున్నరకు ఒకసారి నేనే ఏసిన. చెంచాతోని. ఎంతో తెల్వదు. గా మందు కూడ అబద్ధం జెప్పి తెచ్చిన. ఈ అమ్మ ఇయ్యలే."

నా భార్య నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయలేను. మందులమ్మ నోటుబుక్కు మూసింది. తిట్టలేదు. ముందు అడిగింది ఒక్కటే.

"ఏ చెంచా? ఎంతుంటది?"

వేళ్లతో చూపించాను. ఆమె గబగబా మెట్లు దిగి కింద క్యాంటీనుకు పోయి అయిదారు చెంచాలు పట్టుకొచ్చింది. నా ముందు పరిచింది. నేను ఒకటి తీశాను. నర్సును సిరంజి అడిగి, "నువ్వెట్ల పోసినవో గట్లనే పొయ్యి" అంది. నీళ్లు పోశాను. సగం కింద పోయాయి. మళ్లీ పోశాను. ఆమె ఆ నీళ్లను సిరంజిలోకి లాగి డాక్టరుకు చూపించింది. "సారూ, సగమంటే నాలుగు. రెండుసార్లకు ఎనిమిది. తల్లి పోసింది ఐదు. మొత్తం పదమూడు, ఆరేడు గంటల్ల."

డాక్టరు స్కాన్ కాగితం పక్కన పెట్టాడు.

పాప ఛాతీకి వైర్లు అంటించి గుండె మిషను పెట్టారు. ఆ మిషను శబ్దం కొంచెం తడబడినా మా ముగ్గురి తలలూ ఒకేసారి లేచేవి. చాలాసేపటికి మందులమ్మ వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను ఎదురుగా పోయి నిలబడ్డాను.

"అమ్మా, నాకు బామ్మర్ది లేడు."

"తెలిసింది." కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడుస్తూనే ఉంది. "గంట సేపు నా చేతినే అనుమానించిన బిడ్డా. గీ చేతితోని ఇన్నేండ్ల సంది ఎంతమందికి గీతలు గీసిన్నో, గా పిల్లలంత కండ్ల ముందటికి వచ్చిన్రు. ఎవరికెంత గీసిన్నో, ఎక్కడ తప్పు గీసిన్నో అని."

ఆమె కాళ్లు పట్టుకోబోయాను. కాళ్లు వెనక్కి లాక్కుంది. "నా కాళ్లెందుకు? లోపలికి పో. ఆమె ఒక్కతే కూసుంది."

మర్నాడు పొద్దున పాప కళ్లు పూర్తిగా తెరిచి నీళ్లు అడిగింది. ఇప్పుడు బడికి పోతోంది. ఇంట్లో క్యాలెండరు మీద నా భార్య ఏ మందు, ఎంత, ఎన్నింటికి, ఎవరు వేశారో రాస్తుంది. నేనూ రాసి సంతకం పెడతాను. ఆ తర్వాత చాలా నెలలు నేను వేసిన ప్రతి మందునూ ఆమె సీసా ఎత్తి మట్టం చూసి సరిచూసుకునేది. ఆ పని నా ఎదుటే చేసేది.

ఆ తర్వాత మందులమ్మ ఒక పద్ధతి పెట్టింది. పిల్లను కళ్లతో చూడందే పిల్లల సిరప్ అమ్మేది కాదు. "పిల్లను సూపియ్యి" అనేది. ఎండనపడి వచ్చినవాళ్లు మళ్లీ ఇంటికి పోయి పిల్లను ఎత్తుకుని రావాలి. "పిచ్చి పట్టిందమ్మా ఈమెకు", "ముసలితనానికి చాదస్తం ఎక్కువైంది" అని బెంచీ మీద కూర్చుని తిట్టుకునేవారు. కొందరు ఏఎస్ రావు నగర్ దాకా పోయి కొనుక్కునేవారు. ఎవరి వల్ల ఆ పద్ధతి వచ్చిందో ఆమె మూడేళ్లలో ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదు. నేను అదే బెంచీ మీద కూర్చుని ఆ తిట్లు వినేవాణ్ని. నేనూ చెప్పలేదు.

ఒకసారి పాపకు జ్వరం మందు కోసం పోతే, కప్పు అందుకుంటున్న నా చెయ్యి వణకడం చూసింది. "ఉండనియ్యి" అంది. "భయం ఉండాలె. భయం లేని చేతికి నేను సీసా ఇయ్య." మా మధ్య ఆ సంగతి మీద జరిగిన మాట అదొక్కటే.

ఫ్లెక్సీ చూసిన రోజు ఒంటిగంటన్నరకు బెంచీ దగ్గర ఎప్పటిలాగే జంటలు చేరాయి. షట్టరు మూసి ఉంది. గడపలో ఎవరూ లేరు. పిల్లలు చేతులు మారుతున్నారు, ఎవరూ ఏమీ అడగడం లేదు. సంచులు మారుతున్నట్టే ఉంది. నేను పోయి ఆ గడప మీద నిలబడ్డాను. పిల్లను చూడందే ఆమె మందు ఎందుకు ఇచ్చేది కాదో నాకు తెలుసని చెప్పాను. అబద్ధం, గీకేసిన కాగితం, చెంచా, ఆటోలో నోరు మెదపకపోవడం, అన్నీ చెప్పాను. మూడేళ్లుగా జేబులోనే పెట్టుకు తిరుగుతున్న ఆ కప్పును తీసి చూపించాను. ఎర్రగీత ఇంకా చెరగలేదు.

ప్యాకింగ్ యూనిట్ ఆమె ఒకతి, "గందుకా? నా కొడుకును ఎత్తుకొని ఎండల మూడుసార్లు తిరిగిన. ఆమెను ఎంత తిట్టిన్నో తెలుసా?" అంది.

"నన్ను తిట్టు అక్కా" అన్నాను.

తిట్టింది. షిఫ్టు సైరన్ మోగేదాకా తిట్టింది.

పాపను ఇప్పుడు బడి నుంచి వాళ్లమ్మే తెచ్చుకుంటుంది, బెంచీ దగ్గర చేతులు మార్చే పని మాకు లేదు. అయినా ఆ రోజు నుంచి నేను పావుగంట ముందే వచ్చి ఆ గడప దగ్గర నిలబడుతున్నాను. ఆ మూడు ప్రశ్నలు అడుగుతాను. మందు సంగతి చెప్పే చదువు, హక్కు నాకు లేవు, కాబట్టి ఏమీ చెప్పను. అడుగుతాను, అంతే. అనుమానముంటే దవాఖానకు పొమ్మంటాను. కొందరు "వచ్చిండు మందులయ్య" అని నవ్వుతారు. నవ్వుతూనే జవాబు చెబుతారు.

నిన్న కొత్తగా చేరిన ఒకతను కొడుకును భార్య చేతికి ఇస్తున్నాడు. పిల్లవాడు మగతగా ఉన్నాడు. ఏం తిన్నాడో చెప్పాడు. రెండో దానికీ జవాబు చెప్పాడు. మూడోది అడిగేసరికి చూపు నేల మీదికి పోయింది. ఆ చూపు నాకు తెలుసు. మళ్లీ అడగలేదు.

"నాకు జెప్పకు తమ్మీ" అన్నాను. "నేను అటు మల్లుత. నీ ఇంటామెకు జెప్పు."

వాళ్లకు వీపు చూపి, మూసిన షట్టరు వైపు తిరిగి నిలబడ్డాను. కొంతసేపటికి వెనక నుంచి చాలా మెల్లగా అతని గొంతు వినిపించింది.

"పదింటికొకసారి ఏసిన."